పెద్దాయన మోకాలి నొప్పి

"కుర్చీ దిగండి సర్. అది మిమ్మల్నేం చెయ్యదు. దానికి నిద్రొస్తోంది," అంది డాక్టర్ ఆమని.

"నిద్రొస్తోందని మీకెలా తెలుసు?" కుర్చీ మీద నిలబడే అడిగారు కూర్మారావు గారు.

"నాకూ నిద్రొస్తోంది కాబట్టి," అంటూ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పొడుగ్గా ఆవులించింది.

ఆమె వేళాకోళం ఆడటం లేదు. ఆమె ఎడమ చేతికి గడియారంలాంటి పట్టీ ఉంది. నేల మీద చతికిలబడ్డ కుక్కపిల్ల ఛాతీకి మెత్తటి బెల్టు ఉంది. బల్ల మీద పోపుల పెట్టె అంత యంత్రం, దాని మీద పచ్చ దీపం. కుక్కపిల్ల కళ్లు వాలినప్పుడల్లా డాక్టరమ్మ కళ్లూ వాలుతున్నాయి. కాసేపటికి ఇద్దరూ కలిసే కునుకు తీసేలా ఉన్నారు.

ఆ యంత్రం సంగతి పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. బెల్టుకి లోపలివైపు శనగబద్దంత గాజు కన్ను ఉంటుంది. అది సెన్సర్. కుక్క చర్మం మీదికి సన్నటి వెలుగు పంపి రక్తం ఎలా పరిగెడుతోందో, గుండె ఎలా కొట్టుకుంటోందో, ఏ కండరం బిగిసిందో, ఏది వదులైందో చూస్తుంది. పెట్టె ఆ లెక్కంతా మనిషి నరాలకి తెలిసే భాషలోకి మార్చి చేతి పట్టీకి పంపుతుంది. అంతే. కుక్క ఏమనుకుంటోందో అది చెప్పదు, కుక్కకి ఎలా ఉందో చెబుతుంది. దానికి ఆకలేస్తే మన కడుపు నకనకలాడుతుంది. అది బెదిరితే మన గుండె దడదడలాడుతుంది. కాగితాల మీద దానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరేదో ఉంది గానీ, ఆ జంతువుల ఆశ్రయంలో అందరూ మనసుపట్టీ అనేవారు.

విశాఖపట్నంలో సముద్రం రోడ్డెక్కకుండా బీచి పొడవునా గోడ కట్టి, కొండ నుంచి కొండకి తీగల మీద బస్సులు నడుపుతున్న రోజులవి. ఇంత చేసిన ఊరు వీధికుక్కల సంగతి మాత్రం తేల్చుకోలేకపోయింది. దెబ్బలు తగిలినవి, వదిలేసినవి, ముసలివి, పెంచినవాళ్లకి మోజు తీరినవి అన్నీ ఈ ఆశ్రయానికే వచ్చి పడేవి. కొన్నాళ్లకి, కోడు విరిగిన మంచాన్ని తెచ్చి పడేసినట్టు, ఒక సూపరింటెండెంట్ని కూడా తెచ్చి పడేశారు. ఆయనే కూర్మారావు గారు.

అంతకుముందు ఆయన అక్రమ కట్టడాలకి నోటీసులు అంటించే విభాగంలో చాలా ఏళ్లు పనిచేశారు. ఎలక్ట్రిక్ బళ్లు చప్పుడు చెయ్యవు కనక, మనుషులు తప్పుకోవడానికి ప్రతి బండికీ ఏదో ఒక చప్పుడు ఉండి తీరాలని చట్టం. ఆయన స్కూటర్‌కి పెట్టిన చప్పుడు పాతబడిపోయి జలుబు చేసిన బాతులా కూసేది. ఆ కూత వినబడితే వీధిలో తలుపులు మూసుకునేవి. తాపీ మేస్త్రీలు గోడలు దిగి టీ కొట్టులో దూరేవారు. ఒకసారి పొరపాటున పలుకుబడి ఉన్నవాళ్ల గోడకి నోటీసు అంటించిన పుణ్యాన ఆయన్ని కుక్కల మధ్యకి బదిలీ చేశారు.

కుక్కలంటే ఆయనకి ప్రాణభయం. భయం అని ఒప్పుకోవడం నామోషీ కాబట్టి అసహ్యం అని చెప్పుకునేవారు.

అలాంటి మనిషి రోజూ స్నానం చేసి దండం పెట్టుకునేటప్పుడు ప్రతి కుక్కకీ ఒక ఇల్లు చూపించమని దేవుణ్ణి అడిగేవారు. కారణం ఉంది. ఆశ్రయం ఉన్న స్థలంలో గాలి టాక్సీల స్టాండు రాబోతోంది. కార్తీక పౌర్ణమిలోగా ఖాళీ చెయ్యాలి. అప్పటికి ఇల్లు దొరకని జంతువుల్ని కొండల అవతల రేకుల షెడ్డుకి తోలేస్తారు. ఆ ఎండకి, ఆ నీళ్లకి ముసలి ప్రాణాలు ఎన్నాళ్లో నిలవవని అందరికీ తెలుసు. అన్నిటికీ ఇళ్లు దొరికితే మాత్రం కూర్మారావు గారికి పాత సీటు ఇస్తామన్నారు. మొదట్లో ఆయన మొక్కులన్నీ ఆ సీటు కోసమే.

గేటు పక్కన సిమెంటు అరుగు మీద ఒక ముసలి కుక్క ఉండేది. ఒక చెవి చిరిగింది, వెనక ఎడమకాలు ఈడుస్తుంది. ఆశ్రయంలో జంతువులకి వండిపెట్టే పైడమ్మ దాన్ని పెద్దాయన అనేది. రోజూ పొద్దున్న స్కూటర్ కూత వినబడగానే పెద్దాయన మూలుగుతూ లేచి, అరుగు దిగి, కుంటుకుంటూ స్కూటర్ వెనకాలే స్టాండు దాకా వచ్చేవాడు.

"పైడమ్మా! ఈ కుక్కని అవతలకి పిలు!" అని రోజూ అరిచేవారు కూర్మారావు గారు.

"ఆయనేటి సేస్తాడు బాబూ, పలకరింపుకొచ్చినాడు," అనేది పైడమ్మ, రోజూ.

మధ్యాహ్నం క్యారియర్ విప్పుకుని తిన్నాక, చివరి పెరుగన్నం ముద్ద ఆయన ఆ అరుగు మీద పెట్టి చరచరా వెళ్లిపోయేవారు. కాకులకి పెట్టానని చెప్పేవారు. ఆ అరుగు మీద కాకి వాలగా చూసినవాళ్లు లేరు.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాటి పొద్దున్నే ఆమని ఢిల్లీ ప్రయాణమైంది. ఈ యంత్రాన్ని దేశంలో అన్ని ఆశ్రయాలకీ ఇవ్వమని అక్కడి పెద్దల కమిటీని ఒప్పించాలి. బయల్దేరే ముందు ఆఖరి పరీక్షగా బెల్టు పెద్దాయనకి కట్టి, పచ్చ దీపం వెలిగేదాకా చూసి, విప్పి పెట్టెలో పెట్టింది.

"నేనొచ్చేదాకా మెషిన్ మీ చేతిలో ఉంటుంది సర్. కుక్కని చూడ్డానికి వచ్చినవాళ్లకి పట్టీ కట్టండి, కుక్కకి బెల్టు కట్టండి, అంతే పని. ఒక్కోసారి సిగ్నల్ సరిగ్గా అందదు. మధ్యలో తెగిపోతే పట్టీ కట్టుకున్నవాళ్లకి గుండె గతుక్కుమంటుంది. అందుకని కొత్తది అందేదాకా ఆఖరుసారి దొరికిన మంచి సిగ్నల్‌నే పెట్టె మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటుంది. మీరు కంగారుపడక్కర్లేదు. పోనీ, ఒక్కసారి మీరు కట్టుకు చూడకూడదూ?"

"నా మనసే నాకు అర్థమై చావదు. కుక్క మనసు నాకెందుకమ్మా?" అన్నారాయన.

ఆమని వెళ్లాక పైడమ్మ పసుపు గిన్నె, కుంకుమ భరిణె పట్టుకొచ్చింది. స్కూటర్‌కి దండ వేశారు. గునపానికి, పారకి, అన్నం వండే డేగిసాకి, గేటు తాళానికి బొట్లు పెట్టారు. పైడమ్మ బల్ల వైపు చూసింది.

"ఇంత పని సేసే మిసన్ని ఒగ్గేస్తారేటి బాబూ?"

"ఎందుకు వదిలేస్తాం? ఘనంగా పెట్టు. నా సీటు దాని చేతిలోనే ఉంది."

"దీనికి మొగం ఏటేపుంది?"

కూర్మారావు గారు బెల్టు తిరగేసి మరగేసి చూశారు. లోపల తళుక్కుమంటున్న గాజుబిళ్ల కనబడింది. "ఇదే అయ్యుంటుంది. కన్నున్న చోటే కదా ముఖం!" అని ఆయనే బెల్టు చాచి పట్టుకున్నారు. పైడమ్మ దానిమీద చిక్కగా పసుపు మెత్తి, మధ్యలో రూపాయంత కుంకుమ బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, చెంపలేసుకున్నారు. మర్నాడు స్విచ్ వేస్తే పచ్చ దీపం వెలిగింది. తుడుద్దామా అని ఆయన అంటే పైడమ్మ ఒప్పుకోలేదు. "ఎట్టిన బొట్టు తుడిసేస్తారేటి! అమ్మోరికి కోపమొస్తాది," అంది. అమ్మవారితో పేచీ ఎందుకని ఆయన ఊరుకున్నారు.

మొదట వచ్చినవాడు చేపల రేవులో ఐస్ ఫ్యాక్టరీ నడిపే బంగార్రాజు. కూతురు పోరితే వచ్చాడు గానీ మనసు లేదు. ఎదురుగా ఉన్నదేమో బొచ్చు ఊడిపోయిన నల్లకుక్క. పట్టీ కట్టుకున్నాడు. తరవాత భుజం మీది తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

"ఏమైంది?" అని అడిగారు కూర్మారావు గారు, భయపడి.

"ఎలా చెప్పనండీ? ఎవరికోసమో తెల్లారగట్ట నుంచీ కాసుక్కూచుని, ఆళ్లొచ్చేసరికి ఒళ్లంతా తోకైపోయినట్టుందండి! మా ఇంట్లో నా కోసం ఇలా ఎవరూ ఎదురుచూడలేదండి. దీన్నొదిలి నేనెళ్లను."

తరవాత రిటైర్డ్ లెక్చరర్ వసుంధరాదేవి గారు వచ్చారు. ఆవిడ ఎంచుకున్న పిల్లిని పైడమ్మ మిరపకాయ అనేది. ముట్టుకున్న ప్రతి చేతినీ గీరడం దాని అలవాటు. బెల్టు కడుతుంటే పైడమ్మనీ గీరింది. అయినా పట్టీ కట్టుకున్న వసుంధరాదేవి గారి ముఖం విచ్చుకుంది. "పైకి అలా ఉంది గానీ పాపం, లోపల ఎంత ప్రేమ!" అని ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లారు. మిరపకాయ దారి పొడవునా గీరుతూనే ఉంది.

ఇక చూసుకోండి. ఒకరు చెబితే పదిమంది వచ్చారు. తీగ బస్సులు దిగి జనం గేటు ముందు బారులు తీరారు. ఖరీదైన జాతి కుక్క కోసం వచ్చినవాళ్లు గజ్జికుక్కని చంకనెత్తుకుని వెళ్లారు. ఒంటికన్ను కుక్కకి ఇల్లు దొరికింది. మూడుకాళ్ల దానికి మేడ దొరికింది. దీపావళి నాటికి గదులు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే కూర్మారావు గారు ఈల వేసుకుంటూ తిరిగారు.

పెద్దాయన దగ్గర మాత్రం ఎవరూ ఆగలేదు. వచ్చినవాళ్లు ఆయన అరుగు దాటే లోపలికి వెళ్లేవారు, ఆయన అరుగు దాటే బయటికి పోయేవారు. ముసలి, కుంటి, చిరుగుచెవి కుక్కకి పట్టీ కట్టి చూద్దామని కూడా ఎవరికీ తోచలేదు. కూర్మారావు గారు మొదట పట్టించుకోలేదు. తరవాత ఒకరిద్దరితో, "ఇతన్నొకసారి చూడండి, గొడవ చెయ్యడు," అన్నారు. తరవాత తరవాత గేటు దగ్గరే నిలబడి బతిమాలడం మొదలెట్టారు. ఈల ఆగిపోయింది. కొండల అవతలి రేకుల షెడ్డు తలుచుకుంటే ఆయనకి అన్నం సయించేది కాదు. పెరుగన్నం ముద్ద కాస్తా రెండు ముద్దలైంది.

ఇంతలో ఒక వింత మొదలైంది. కుక్కల్ని తీసుకెళ్లినవాళ్లంతా వాటిని పశువుల ఆసుపత్రికి మోసుకొస్తున్నారు. అందరిదీ ఒకటే ఫిర్యాదు. "డాక్టరుగారూ, దీనికి వెనక ఎడమ మోకాలు నొప్పండీ. పట్టీ కట్టుకున్నప్పుడు నా మోకాలు కూడా సలిపింది." డాక్టరు చూస్తే మోకాలు భేషుగ్గా ఉండేది. నొప్పి ఉందన్న కుక్కపిల్ల బల్ల మీంచి దూకి కుర్చీలెక్కి పారిపోయేది. వసుంధరాదేవి గారు మిరపకాయ మోకాలికి రోజూ కాపడం పెట్టబోతున్నారట, అది రోజూ గీరుతోందట.

దీపావళి వెళ్లాక ఆమని తిరిగొచ్చింది. ఈ మోకాళ్ల గోల విని నుదురు చిట్లించింది. బెల్టు తీసి తిరగేసింది.

"సర్, ఇదేమిటి?"

"పూజ చేశామమ్మా," అన్నారు కూర్మారావు గారు గర్వంగా.

ఆమని బెల్టు తీసుకెళ్లి మూలనున్న బియ్యం బస్తాకి చుట్టింది. పట్టీ చేతికి కట్టుకుని స్విచ్ వేసింది. పచ్చ దీపం వెలిగింది. కాసేపు అలాగే నిలబడి, నెమ్మదిగా స్టూలు మీద కూలబడింది.

"బియ్యం బస్తా నన్ను చూసి పొంగిపోతోంది సర్," అంది. "దానికి ఎడమ మోకాలు నొప్పిగా కూడా ఉంది."

పసుపు మెత్తడంతో గాజు కన్ను మూసుకుపోయింది. ఆ రోజు నుంచీ ఏ జంతువు సంగతీ యంత్రానికి అందలేదు. అందుకని ఆఖరుసారి అందిన సిగ్నల్‌నే వచ్చినవాళ్లందరికీ పంపింది. ఆఖరుసారి బెల్టు కట్టింది పెద్దాయనకి. నల్లకుక్కని తీసుకెళ్లినవాళ్లూ, ఒంటికన్ను కుక్కని తీసుకెళ్లినవాళ్లూ, ఆఖరికి పిల్లిని తీసుకెళ్లిన వసుంధరాదేవి గారూ, అందరూ చవిచూసింది అరుగు మీది ముసలికుక్క ప్రేమనే.

"నానేటి సేసినానమ్మా! బొట్టెట్టినాను గానీ బురద ఎట్టలేదు కదా," అని పైడమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది.

"అందరికీ చెప్పాలి సర్," అంది ఆమని.

"పౌర్ణమి దాటాక చెబుదామమ్మా. ఇప్పుడు చెబితే అన్నిటినీ తెచ్చి వదిలేస్తారు. అన్నీ ఆ షెడ్డుకి పోతాయి!"

"అబద్ధం మీద దొరికిన ఇల్లు ఎన్నాళ్లుంటుంది సర్? కుక్కకి జ్వరమొచ్చిన రోజున, సోఫా చింపిన రోజున ఏమవుతుంది?"

ఆయన ఆదివారం అందరినీ రమ్మని కబురు పెట్టారు.

ఆదివారం అందరూ వచ్చారు, జంతువుల్ని వెంటబెట్టుకుని మరీ వచ్చారు. అది చూసి కూర్మారావు గారి గుండె జారిపోయింది. వదిలెయ్యడానికే తెచ్చారనుకుని, పైడమ్మకి గదులు కడగమని గుసగుసగా చెప్పారు. ఆమని జరిగింది దాచకుండా చెప్పి, క్షమించమంది. అంతా విని జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

ముందుగా వసుంధరాదేవి గారు లేచారు. ఆవిడ చేతుల నిండా గీతలే.

"ఇది నన్ను ప్రేమిస్తోందనే నమ్మకంతో ఎంత గీరినా ఓర్చుకున్నానమ్మా. ఓర్చుకోగా ఓర్చుకోగా, మొన్న దానంతటదే వచ్చి నా పక్కలో పడుకుంది. ఇంక మీ యంత్రం నిజం చెప్పిందో అబద్ధం చెప్పిందో నాకెందుకు? ఈ పిల్లి నాది."

"మాదీ అంతేనండి," అన్నాడు బంగార్రాజు. నల్లకుక్కకి అప్పుడే కొత్త బొచ్చు వస్తోంది. "వారం రోజులు అన్నం పెట్టేసరికి ఇదీ గేటు కాడ కాసుక్కూచుంటోందండి. ఏదండీ తేడా? కాపోతే ఒక్క మాట. ఆ మొదటిది ఎవరి ప్రేమండీ?"

పైడమ్మ అరుగు వైపు వేలు చూపించింది.

అందరూ అటు తిరిగారు. ఇన్నాళ్లూ వాళ్లు దాటుకుపోయిన అరుగే అది. ముందు ఎవరూ కదల్లేదు, సిగ్గుపడ్డారు. తరవాత ఒక్కసారిగా చుట్టుముట్టారు. "నేను తీసుకెళ్తానండీ," అన్నాడు బంగార్రాజు. "మా ఇంట్లో మెట్లుండవు, మోకాలికి సుఖం," అన్నారు వసుంధరాదేవి గారు. ఇంకా ఎవరెవరో చేతులెత్తారు.

కూర్మారావు గారు ఎగిరి గంతెయ్యాల్సిన సమయం. ఆఖరి కుక్కకి ఇల్లు దొరికింది, ఆయనకి సీటు దొరికింది. ఆయన మాత్రం ఏం చెయ్యాలో తోచక జేబురుమాలుతో కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఆగండి," అంది ఆమని. "నాకొక సంగతి అంతుబట్టడం లేదు. అంత ఆనందం ఊరికే పుట్టదు. ఆ క్షణాన పెద్దాయన ఎవరినో చూసి ఉండాలి. పైడమ్మా, ఆ పొద్దున నేను బెల్టు కట్టినప్పుడు ఇక్కడ ఎవరున్నారు?"

"మీరున్నారు, నానున్నాను," అంది పైడమ్మ. "మమ్మల్ని రోజూ సూస్తాడు, మాకేటి పొంగిపోతాడు? ఆ... అప్పుడే బాబుగారి బండి కుయ్యోమంటా గేటులోకొచ్చింది కదమ్మా!"

ఈసారి అందరూ కూర్మారావు గారి వైపు తిరిగారు.

"నేనా?" అన్నారాయన. "నేనతనికేం చేశాను? రోజూ తోలేశాను!"

"పెరుగన్నం కాకులు తిన్నాయనుకున్నారేటి?" అంది పైడమ్మ.

ఆమని తడిగుడ్డతో గాజు కన్ను శుభ్రంగా తుడిచి, అమ్మవారికి మనసులో ఒక దండం పెట్టి, బెల్టు పెద్దాయనకి కట్టింది. పట్టీ తెచ్చి చాచింది. కూర్మారావు గారు చెయ్యి ఇచ్చారు.

మొదట ఎడమ మోకాలు సలిపింది. ఆయన వంగి తన మోకాలు పట్టుకున్నారు. తరవాత చెవి వెనక దురద. తరవాత కొంచెం ఆకలి, పెరుగన్నం వేళయిందన్న ఆశ. ఇంతేనా అనుకుంటూనే ఆయన అలవాటు భయంతో ఒక అడుగు వెనక్కి వేశారు. అంతే, ఛాతీలో ఏదో కుంగిపోయింది, ఇంట్లో దీపం ఆర్పేసినట్టు. గభాలున రెండడుగులు ముందుకేశారు. అప్పుడు పొంగింది. కాళ్ల నుంచి నడినెత్తి దాకా పొంగి, మోకాలి నొప్పిని ముంచేసి, ఆయన్ని అరుగు పక్కన కూలబడేసింది. తనని చూసి వీధులకి వీధులు తలుపులేసుకున్నాయి. తనని చూసి ఒక ప్రాణి ఇంత సంబరపడుతుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. భయం ఎటు పోయిందో గానీ, ఆయన చెయ్యి దానంతటదే వెళ్లి చిరిగిన చెవి వెనక గోకింది. దురద తగ్గిన హాయి ఆయనకే తెలిసింది.

"ఈయన్ని నేనెవరికీ ఇవ్వను," అన్నారు కూర్మారావు గారు, అందరిముందూ ఏడుస్తూ.

కార్తీక పౌర్ణమికి ఆశ్రయం ఖాళీ అయింది. ఢిల్లీ కమిటీ యంత్రాన్ని మెచ్చుకుని అన్ని ఊళ్లకీ మంజూరు చేసింది. ఆమనికి మాత్రం కొత్త తలనొప్పి మొదలైంది. బాగుచేసిన పట్టీ కట్టుకున్న జనానికి కుక్కపిల్లల నిద్ర, ఆకలి, దురద తప్ప ఏమీ తెలియడం లేదు. "ఇది కాదండీ, ఆ పసుపు పెట్టింది లేదా?" అని అడుగుతున్నారు. "అది పట్టీలో ఉండదండీ, మీరు అన్నం పెట్టాక కొన్నాళ్లకి వస్తుంది," అని ఆమె ఊరూరా తిరిగి చెబుతోంది.

కూర్మారావు గారికి పాత సీటు వచ్చింది. మళ్లీ నోటీసుల పని, మళ్లీ అదే స్కూటర్. కాకపోతే ఇప్పుడు ఆయన కాళ్ల దగ్గర పెద్దాయన కూచుంటాడు, మోకాలి కింద మెత్త వేసుకుని.

మొదటి నోటీసు బంగార్రాజు ఇంటికే వెళ్లింది. మేడ మీద అనుమతి లేకుండా ఒక గది లేపాడు. మేస్త్రీలు ఎప్పట్లాగే కూత వినబడగానే టీ కొట్టులో దూరారు. బంగార్రాజు కూడా తలుపెయ్యడానికి లేచాడు. లేచినవాడు అక్కడే నిలబడిపోయాడు. జలుబు చేసిన బాతులాంటి ఆ కూత దగ్గరవుతున్నకొద్దీ అతని గుండెలో ఏదో ఎగిరెగిరి పడింది. ఎవరికోసమో తెల్లారగట్ట నుంచీ కాచుకున్నట్టు, వాళ్లు రానే వచ్చినట్టు, అచ్చం ఆ రోజు పట్టీ కట్టుకున్నప్పటిలా. ఆపుకోలేక చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాకా పరిగెత్తి, తలుపులు బార్లా తెరిచాడు.

"రండి రండి, కూర్మారావు గారూ! ఇన్నాళ్లకా రావడం?" అన్నాడు ముఖం చేటంత చేసుకుని.

కూర్మారావు గారు మొహమాటంగా నోటీసు తీశారు. బంగార్రాజు జిగురు డబ్బా తనే పట్టుకున్నాడు. గోడకి కాగితం అతికించాక ఇద్దరూ అరుగు మీద కూచుని కాఫీ తాగారు. స్కూటర్ మళ్లీ కుయ్యోమంటూ వీధి మలుపు తిరిగేదాకా బంగార్రాజు గేటు దగ్గరే నిలబడ్డాడు. తన మేడ మీది గది పడగొట్టాలని ఆ నోటీసులో రాసి ఉందని అతనికి ఆ తరవాత గానీ గుర్తు రాలేదు.